ఏజెర్ అంటే ఏంటి? ‘సాటియైన సహాయం’ వెనక ఉన్న చరిత్ర

తిరువూరు నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క హీబ్రూ మాట చూద్దాం. ఆ మాట ‘ఏజెర్’.

మీకు హీబ్రూ రాకపోయినా ఈ మాట మీకు కొత్త కాదు. మన చుట్టుపక్కల ఊళ్లలో మందిరాల బోర్డుల మీద, ఆటోల వెనక, ఇళ్ల గుమ్మాల పైన ‘ఎబెనెజరు’ అని రాసి ఉంటుంది. మీతో చదువుకున్నవాళ్లలో అజరయ్య అనో, ఎజ్రా అనో, ఎలియాజరు అనో ఒకరైనా ఉండే ఉంటారు. ఈ పేర్లన్నీ ఒకే వేరు నుంచి వచ్చినవి. హీబ్రూలో ఆ వేరుకి మూడక్షరాలు: ఆయిన్, జాయిన్, రేష్. అర్థం సాయం చేయడం. అజర్యా అంటే యెహోవా సాయం చేశాడు అని. ఎలియాజరు అంటే దేవుడు సాయం చేశాడు అని. ఎజ్రా అంటే సాయం అనే. ఎబెన్ అంటే రాయి, కాబట్టి ఎబెనెజరు అంటే సాయపు రాయి.

ఇదే మాటని మనం పెళ్లిళ్లలో కూడా వింటాం, కాకపోతే తెలుగులో. ఆదికాండం 2వ అధ్యాయం 18వ వచనం. ఆదాము ఒంటరిగా ఉండటం బాగోలేదని, అతనికి ‘సాటియైన సహాయం’ చేస్తానని దేవుడు అనుకుంటాడు. ఆ ‘సహాయం’ అన్న చోట హీబ్రూలో ఉన్నది ఏజెర్. ఈ వచనం చదివాక పాస్టర్ గారు చాలాసార్లు పెళ్లికూతురి వైపే తిరుగుతారు. అమ్మా, నువ్వు సహాయకురాలివి, భర్త మాట జవదాటకు, ఎదురు చెప్పకు, అత్తమామల్ని చూసుకో అంటారు. పెళ్లికొడుక్కి ఈ వచనంలోంచి చెప్పేది పెద్దగా ఉండదు. అందరూ ఆమేన్ అంటారు, భోజనాలకి లేస్తారు. ఆ అమ్మాయి మాత్రం ఆ అర్థాన్ని మోసుకుంటూ కాపురానికి వెళ్తుంది.

సహాయకురాలు అంటే ఒక మెట్టు కింద ఉండేది అని మనం అనుకుంటున్నాం. ఆ మాటకి నిజంగా ఆ అర్థం ఉందా? ఒక మాట అర్థం తెలియాలంటే దాన్ని ఎక్కడెక్కడ వాడారో వెతకాలి. అదే చేద్దాం.

పాత నిబంధనలో ఏజెర్ అనే నామవాచకం 21 సార్లు వస్తుంది. అందులో రెండుసార్లు ఆదికాండం 2వ అధ్యాయంలో, స్త్రీ గురించి. మూడుసార్లు యెషయా, యెహెజ్కేలు, దానియేలు గ్రంథాల్లో, మనుషుల నుంచి వచ్చే సాయం గురించి. అవి కూడా యుద్ధాలు, రాజ్యాలు, సైన్యాలకి సంబంధించిన సందర్భాలే. మిగతా 16 సార్లు దేవుడి సాయం గురించి. ఆ 16 చోట్లా దేవుడు ఎవరికో కింద పనిచేస్తున్నట్టు ఉండదు. ద్వితీయోపదేశకాండం 33లో ఈ మాట డాలు, కత్తి పక్కన కనబడుతుంది. 115వ కీర్తనలో మళ్లీ డాలుతోనే మూడుసార్లు వస్తుంది. మోషే తన రెండో కొడుక్కి ఎలీయెజెరు అని పేరు పెట్టాడు. ఎందుకంటే ఫరో కత్తి నుంచి దేవుడు తనని తప్పించాడు కాబట్టి. అంటే ఏజెర్ అన్న మాట ఎక్కువగా కనబడేది ప్రాణం మీదికి వచ్చిన చోట. నా వల్ల కాదు, ఎవరైనా రాకపోతే నేను పోతాను అన్న చోట.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. ఆయిన్ అంటే కన్ను, జాయిన్ అంటే ఆయుధం, కాబట్టి ఏజెర్ అంటే ఫలానా రహస్యం అని అక్షరం అక్షరం విడగొట్టి చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది, కానీ భాష అలా పనిచేయదు. ‘పలక’లో ‘ప’కి ఒక అర్థం, ‘ల’కి ఒక అర్థం వెతకం కదా. అలాగే దేవుడికి వాడిన మాటే భార్యకీ వాడారు కాబట్టి భార్యే గొప్ప అని కూడా దీంట్లోంచి రాదు. ఈ లెక్క చెప్పేది ఒక్కటే: ఏజెర్ అన్న మాటలో తక్కువతనం లేదు. సాయం చేసేవాళ్లు కిందివాళ్లు అన్న అర్థం మనం బయట నుంచి తెచ్చి పెట్టింది.

ఎబెనెజరు కథ కూడా ఒకసారి చూద్దాం, ఎందుకంటే బోర్డు చదువుతాం గానీ దాని వెనక ఉన్న ఓటమి మనకి గుర్తుండదు. మొదటి సమూయేలు 4వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు ఎబెనెజరు దగ్గర దిగి ఫిలిష్తీయులతో యుద్ధానికి వెళ్తారు. మొదటి రోజు నాలుగు వేల మంది దాకా చనిపోతారు. అప్పుడు మందసాన్ని తెప్పించుకుంటారు, ఇది ఉంటే మనకి తిరుగులేదని. రెండోసారి ముప్పై వేల మంది పోతారు. మందసం కూడా శత్రువుల చేతికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు గడిచాక, 7వ అధ్యాయంలో, మళ్లీ అదే శత్రువు మీద గెలిచినప్పుడు సమూయేలు మిస్పాకీ షేనుకీ మధ్య ఒక రాయి నిలబెడతాడు. దానికి పెట్టిన పేరు ఎబెనెజరు. ఓడిపోయిన చోటు పేరే గెలిచిన రోజు రాయికి పెట్టాడు. మన ఊరి మధ్యలో బొడ్రాయి ఉంటుంది చూడండి, ఊరు ఇక్కడ మొదలైందని గుర్తు. ఈ రాయి కూడా అలాంటి గుర్తే. ఇక్కడిదాకా వచ్చాం, మన బలంతో రాలేదు అని. ఏజెర్‌ని గుర్తుపెట్టుకోవడం అంటే మనం ఒంటరిగా ఓడిపోయామని కూడా ఒప్పుకోవడమే.

ఇప్పుడు ఆదికాండం వచనంలో రెండో ముక్కకి వద్దాం. అక్కడ ఏజెర్ ఒక్కటే లేదు. ‘ఏజెర్ కెనెగ్దో’ అని ఉంది. ‘కె’ అంటే వలె, లాగా. ‘నెగెద్’ అంటే ఎదుట. చివర ‘ఓ’ అంటే అతని. కలిపితే, అతని ఎదుట ఉన్నట్టు ఉండే సాయం. వెనకాల నడిచేది కాదు, పాదాల దగ్గర కూర్చునేది కాదు, మొహంలోకి మొహం పెట్టి చూసేది. ఇంకో విశేషం ఏంటంటే, నెగెద్ అన్న మాటకి ఎదుట అనే కాదు, వ్యతిరేకంగా అన్న అర్థం కూడా ఉంది. పదకొండో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఉన్న రాషి అనే యూదు పండితుడు పాత రబ్బీల మాటని తీసుకుని ఇక్కడ ఒక వ్యాఖ్యానం రాశాడు. దాని సారాంశం: మగవాడు యోగ్యుడైతే ఆమె సాయంగా ఉంటుంది, కాకపోతే అతనికి ఎదురు నిలుస్తుంది.

మన తెలుగులో ‘ఎదురు’ అన్న మాట అచ్చం ఇలాంటిదే. మా ఇంటికి ఎదురుగా అంటే ముందు వైపు అని. పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం అంటే కాదనడం. హీబ్రూ నెగెద్‌లో ఉన్న రెండు అర్థాలూ మన ఎదురులో ఉన్నాయి. మరి పెళ్లిలో ఏ వచనం చదివి అమ్మాయికి ‘ఎదురు చెప్పకు’ అంటున్నామో, ఆ వచనంలోనే ‘ఎదురు’ అన్న మాట ఉంది! భర్త తప్పుదారిలో వెళ్తుంటే, తాగి డబ్బు తగలేస్తుంటే, ‘ఆగు’ అని ఎదురు నిలబడటం కూడా ఏజెర్ పనిలో భాగమే. నోరు మూసుకుని ఉండిపోతే అది సాయం కాదు.

మరి ఇంత బలమైన మాట ఇలా ఎలా పలచబడింది? క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో గ్రీకులోకి తర్జుమా చేసినవాళ్లు దీన్ని ‘బోయెథోస్’ అన్నారు. కష్టంలో ఆదుకునేవాడు అని అర్థం. కీర్తనల్లో దేవుడికి కూడా అదే మాట వాడారు, కాబట్టి అక్కడ బరువు తగ్గలేదు. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లో ‘హెల్ప్’, ‘మీట్’ అని రెండు మాటలున్నాయి. మీట్ అంటే ఆ రోజుల్లో తగిన అని. తర్వాత జనం ఆ రెంటినీ కలిపేసి ‘హెల్ప్‌మీట్’ అన్నారు, అది ‘హెల్ప్‌మేట్’ అయింది, చివరికి ఇంటిపని చూసుకునే మంచి భార్య అన్న అర్థానికి వచ్చి ఆగింది. మన తెలుగు బైబిల్లో మాత్రం ‘సాటియైన’ అని ఉంది. సాటి అంటే సమానం. సాటి మనిషి అంటాం. నీకు సాటి ఎవరు అంటాం. తెలుగు మాట ఇంత స్పష్టంగా ఉంది. ప్రసంగాల్లో మనం ‘సహాయం’ దగ్గర ఆగిపోయి ‘సాటి’ని వదిలేశాం.

తెలుగు బైబిలు చరిత్రలో కూడా ‘సహాయకుడు’ అన్న మాట ఒకటుంది. 1805లో లండన్ మిషన్ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. వాళ్లకి తర్జుమాలో తోడుగా నిలిచినవాడు ఆనందరాయర్ అనే తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుడు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు సీరాంపూరులో అచ్చయ్యాయి. పుస్తకాల్లో ఆనందరాయర్ సహాయకుడు అని కనబడతాడు. కానీ ఆలోచించండి. ఏ తెలుగు మాట ఎక్కడ పడాలో పుట్టుకతో తెలిసినవాడు అక్కడ ఎవరు? ఆయన లేకపోతే ఆ దొరల పని ఎంత దూరం వెళ్లేది? అదీ ఏజెర్ అంటే.

అక్కడి నుంచి ఒంగోలు వద్దాం. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు ప్రార్థన చేశారు. ఆ కొండని ఇప్పుడు ప్రార్థన కొండ అంటున్నాం. లైమన్ జ్యూయెట్ దొర పేరు అందరికీ తెలుసు. మిగతా నలుగురు ఎవరు? జ్యూయెట్ గారి భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. పన్నెండేళ్ల తర్వాత జాన్ క్లౌ దొర ఒంగోలులో పని మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు గురించి చెప్పేటప్పుడు కొండ మీద మోకరించిన జూలియా, రూతుల పేర్లు ఎంతమంది తలుచుకుంటారు?

ఆ 2,222 మంది వెనక ఇంకో సంగతి ఉంది. 1876 నుంచి 1878 దాకా ఘోరమైన కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని చూపించాడు. కానీ ఆ కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఇవ్వలేదు. అన్నం కోసం మతంలోకి రాకూడదని. సాయం చేసే చెయ్యి పైన ఉన్నప్పుడు, తీసుకునే మనిషి నిజంగా అవునంటున్నాడో, గతిలేక అంటున్నాడో తెలియదు. ఆ ప్రమాదం ఆయనకి అర్థమైంది.

ఇప్పుడు మనకి దగ్గర చరిత్ర. తిరువూరు దాటితే తెలంగాణ. ఖమ్మం మీదుగా వెళ్తే డోర్నకల్. ఒకప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో కృష్ణా జిల్లా, డోర్నకల్ నిజాం రాజ్యం. ఆ డోర్నకల్‌కి 1912లో మొదటి బిషప్పుగా వచ్చినవారు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. మన ప్రాంతాల్లో ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలి కుటుంబాలవాళ్లు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ గారు చదువుకున్న మనిషి, డోర్నకల్‌లో ఆయనతో కలిసి పనిచేశారు. ఇక అజరయ్య అన్న పేరు సంగతి మొదట్లోనే చెప్పుకున్నాం. యెహోవా సాయం చేశాడు అని. పేరులోనే ఏజెర్ వేరు ఉంది.

బిషప్ కాకముందు, 1910 జూన్‌లో, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పెద్ద మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులు. ఆసియా వాళ్లు చాలా కొద్దిమంది. వాళ్లలో అజరయ్య ఒకరు. తెల్ల మిషనరీలకీ, ఇండియాలో వాళ్లతో పనిచేసేవాళ్లకీ మధ్య సంబంధం ఎలా ఉందో చెప్పమన్నారు. ఆయన మర్యాదగానే, దాచకుండా చెప్పారు. ఆ సంబంధం యజమాని, జీతగాడు అన్నట్టుగా ఉందన్నారు. మీరు మా కోసం చేసిన త్యాగాలు మా దేశం మర్చిపోదు, కానీ మాకు ప్రేమ కావాలి, స్నేహితులు కావాలి అని ముగించారు. సభలో కొందరికి అది మింగుడుపడలేదు.

ఆ రోజు ఆయన ఏజెర్ అన్న మాట వాడలేదు. కానీ నాకు ఆ ప్రసంగం గురించి చదివినప్పుడల్లా ఏజెర్ కెనెగ్దో గుర్తొస్తుంది. మిషనరీలు సాయం చేశారు. బడులు కట్టారు, ఆస్పత్రులు కట్టారు. అందులో ఏజెర్ ఉంది, కెనెగ్దో లేదు. ఎదురుగా కూర్చోవడం లేదు. పై నుంచి వచ్చే సాయం దయ అవుతుంది, కింద నుంచి చేయించుకునే సాయం చాకిరీ అవుతుంది. దేవుడు ఆదాముకి ఇచ్చింది ఆ రెండూ కాదు. ఎదురుగా నిలబడిన సాటి మనిషిని ఇచ్చాడు. తెల్ల దొరల దగ్గర మన పెద్దలు ఏ గౌరవం అడిగారో, అదే గౌరవం మన ఇళ్లలో ఆడవాళ్లు అడిగితే మనకెందుకు కోపం రావాలి?

సంఘంలో చూడండి. మందిరం ఊడ్చేది, ఉపవాస ప్రార్థనలకి వచ్చేది, పాటలు పాడేది, రోగుల్ని చూడటానికి వెళ్లేది ఎక్కువగా ఆడవాళ్లే. నిర్ణయాలు తీసుకునే కమిటీలో మాత్రం వాళ్లు ఎంతమంది? మార్పు అసలు లేదని కాదు. 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు నంద్యాల డయాసిస్ బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సీఎస్ఐలో, మొట్టమొదటి మహిళా బిషప్ మన తెలుగు ఆవిడ. అజరయ్య గారి అభిషేకానికీ ఆవిడ అభిషేకానికీ మధ్య వందేళ్లు.

కొందరు వెంటనే అడుగుతారు, మరి ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో భార్యలు లోబడాలని ఉంది కదా అని. ఉంది. దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ దానికి ముందున్న 21వ వచనం ఒకరికొకరు లోబడమంటుంది. తర్వాత భర్తలు ప్రాణం పెట్టేంతగా ప్రేమించాలంటుంది. ఆ భాగం మీద విడిగా మాట్లాడుకోవాలి. ఈ రోజు నేను చెప్పేది ఏంటంటే, లోబడటం గురించి బోధించాలనుకుంటే ఆదికాండం 2:18ని దానికి వాడకండి. ఆ మాట ఆ బరువు మోయదు.

మన ఇళ్లలో ‘సాయం’ అన్న మాట ఎలా వాడుతున్నామో ఒకసారి వినండి. ‘నేను మా ఆవిడకి వంటలో సాయం చేస్తా’ అని మగవాడు అంటే అందరూ మెచ్చుకుంటారు. అదే ఆవిడ పొద్దున్నే లేచి వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, మిరపకోతకి ఆటోలో వెళ్లి, సాయంత్రం వచ్చి మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్తే దాన్ని ఎవరూ సాయం అనరు. బాధ్యత అంటారు. మగవాడి సాయం మెహర్బానీ, ఆడదాని సాయం డ్యూటీ. బైబిల్లో ఏజెర్ ఇలా రెండు రేట్లు కట్టదు.

ఏజెర్‌కి తెలుగులో నాకు బాగా దగ్గరగా అనిపించే మాట ‘తోడు’. రాత్రి పొలానికి తోడు వస్తావా అంటాం. ఆ వచ్చేవాడు పనివాడు కాదు, వాడుంటే మనకి ధైర్యం. పాలు తోడుపెట్టడం అన్నది కూడా ఆ మాటే. గిన్నెడు పాలలో చెంచాడు మజ్జిగ. చూడ్డానికి కొంచెమే. అది లేకపోతే తెల్లారేసరికి పెరుగు లేదు.

ఇక ఆత్మీయంగా ఈ మాట మనకి ఏం చెబుతుంది? మొదటిది, దేవుడు తనకి తాను ఈ పేరు ఒప్పుకున్నాడు. సర్వశక్తిమంతుడికి సహాయకుడు అనిపించుకోవడం చిన్నతనం కాలేదు. కాబట్టి సాయం చేసే మనిషిని చిన్నచూపు చూస్తే ఆయన పేరునే చిన్నచూపు చూసినట్టు. రెండోది, సాయం అడగడం సిగ్గుపడాల్సిన పని కాదు. 121వ కీర్తన మందిరానికి ఎక్కి వెళ్లే యాత్రికుల పాట. నాకు సాయం ఎక్కడి నుంచి వస్తుంది అని అడుగుతూ మొదలవుతుంది. ఫోన్లో అందరి స్టేటస్‌లూ సంతోషంగానే కనబడతాయి. లోపల అప్పు, ఫెయిలైన పరీక్ష, ఇంట్లో గొడవ ఉన్నా ఎవరికీ చెప్పం. ఒక్కరికైనా చెప్పండి. ఒంటరిగా ఉండటం మంచిది కాదన్నది బైబిల్లో దేవుడు మనిషి గురించి చెప్పిన తొలి మాటల్లో ఒకటి.

పెళ్లి కావాల్సిన తమ్ముళ్లకి ఒక మాట. సహాయకురాలు కావాలని ప్రార్థన చేస్తున్నారు, మంచిదే. కానీ కట్నం ఎంత అని బేరం పెట్టిన చోట సాటి అన్న మాట ఎక్కడ నిలబడుతుంది? ఎదురుగా నిలబడి మీ తప్పు మీకు చెప్పగలిగిన మనిషిని భరించే మనసు కూడా ఇమ్మని అడగండి. చెల్లెళ్లకి ఒక మాట. సహాయకురాలు అని ఎవరైనా మిమ్మల్ని కింద కూర్చోబెడితే, ఆ మాట బైబిల్లో పదహారుసార్లు ఎవరి సాయం గురించి వచ్చిందో అడగండి. మర్యాదగానే అడగండి, కానీ అడగండి.

ఈ ఆదివారం మీ మందిరంలో ఎబెనెజరు అన్న మాట వినిపిస్తే, మిమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చినవాళ్లలో మీ అమ్మ పేరు కూడా తలుచుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో ‘షాలోమ్’ చూద్దాం.